తని మొదలవగానే లేచిపోయే జనం

బరంపురం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రమణా,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల మరమగ్గాల మోతే తప్ప నీ మాట సగం వినపడదు. అందుకే ఉత్తరం. సూరత్‌లో మీకు సెలవు దొరికిన రోజున తీరిగ్గా చదువుకో.

నిన్న కచేరీకి వెళ్ళాను. గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం. ఆరింటికి అన్నారు, ఏడు కావస్తుండగా మొదలైంది. మైకు కీచుమనడంతో ఇంకో పది నిమిషాలు పోయాయి. హాల్లో నూట యాభై మందిమి ఉంటాం. ముందు వరసల్లో పెద్దవాళ్ళు తొడల మీద తాళం వేస్తున్నారు, ఒకరి తాళం ఇంకొకరితో కలిస్తే ఒట్టు. నా పక్కన ఒక ఒడియా పెద్దాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సాహిత్యం ఒక్క ముక్క తెలియదట, సంగతి బాగా పడితే మాత్రం తల ఊపుతాడు. నా వెనక ఒక తెలుగు కుటుంబం. త్యాగయ్య మాట ప్రతిదీ అర్థమవుతుంది, అయినా కీర్తన పొడుగునా ఫ్లాట్ రిజిస్ట్రేషన్ ఖర్చులే మాట్లాడుకున్నారు.

ఇక తని, అదే పాట ఆపి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం. మృదంగం ఆయన మొదలుపెట్టాడో లేదో కుర్చీలు కిర్రుమన్నాయి. సగం హాలు బయట టీ దగ్గర తేలింది. ఏళ్ళ తరబడి నేనూ అలా లేచినవాణ్ణే. ఈసారి మోకాలు నొప్పి వల్ల కూర్చుండిపోయాను (భక్తి అనుకునేవు!). ఘటం ఆయన తన వంతు రాగానే ఖాళీ కుర్చీల వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత మృదంగం ఆయన వైపు తిరిగి, వాళ్ళిద్దరి కోసమే అన్నట్టు వాయించాడు. అంత మంచి తని నేను వినలేదు.

అదే ఊరి జనం ఠాకురాణీ యాత్రలో ఎలా ఉంటారో నీకు చెప్పాలా? ఈ అమ్మవారి జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, దాదాపు నెల నడుస్తుంది, ఒక్కడికీ విసుగు రాదు. మొక్కుకుని పులి వేషం కట్టినవాడు చూడ్డానికీ వచ్చినవాడే, చూపించడానికీ వచ్చినవాడే. కచేరీలో మనకి ఊరికే కూర్చోవడం తప్ప పనేముంది?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కొట్లో బేరాల్లేని మధ్యాహ్నాలు ఈమధ్య అర్థశాస్త్రం చదువుతున్నాను. నవ్వకు. బామోల్, బోవెన్ అని ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు 1966లో నాటకాల, సంగీతాల లెక్కలు తీశారు. వాళ్ళు పట్టుకున్నది చాలా చిన్న విషయం. ఫ్యాక్టరీలో యంత్రం మారితే మనిషి గంటకి తీసే సరుకు పెరుగుతుంది, దాంతో జీతమూ పెరుగుతుంది. నలుగురు వాయించాల్సిన సంగీతానికి మాత్రం రెండు వందల ఏళ్ళ కిందటా నలుగురే, ఇప్పుడూ నలుగురే, పట్టే సమయమూ అంతే. అలాగని పాతకాలం జీతానికి వాయించమంటే ఎవరు వాయిస్తారు? వేరే పనిలోకి పోతారు. కాబట్టి పనిలో ఏ మార్పూ లేకుండానే దాని ఖరీదు పెరుగుతూ పోతుంది.

చదవగానే చేతిమగ్గం మీద మీ నాన్న గుర్తొచ్చారు. ఆసు పోయడం, పడుగు సాగదీయడం, కుంభం అంచు దగ్గర నాడె ఆపి ఆపి వెయ్యడం. మీ తాతకి ఎన్ని రోజులు పట్టేదో ఆయనకీ అన్నే రోజులు. నువ్వేమో అక్కడ మీటరుకింత అని కూలి తీసుకుంటూ ఒక్కడివే ఎన్ని మగ్గాలు చూస్తున్నావో!

బామోల్ ఇంకో మాట కూడా అంటాడు. మిగతా చోట్ల ఉత్పత్తి పెరుగుతున్నంత కాలం సమాజం ఈ ఖరీదు భరించగలదట. ఇక్కడే నాకు మింగుడుపడలేదు. సమాజం అంటే ఎవర్రా? మా కొట్లో బరంపురం పట్టు పక్కన మరమగ్గం చీర పరిచి, రెండూ ఒకేలా ఉన్నాయి కదా అని బేరమాడే ఆవిడా? నిన్న టికెట్ లేని కచేరీలో మూడు గంటలు కూర్చుని, హుండీలో యాభై రూపాయలు వేసి వచ్చిన నేనా? ఖరీదు పెరుగుతుందని వాళ్ళ లెక్క. ఇక్కడ ఖరీదు చాలినంత పెరగలేదు, మగ్గం మీది మనిషే రైలెక్కాడు.

మా అమ్మాయి బళ్ళో చదువు ఒడియాలో. తెలుగు మాట్లాడుతుంది, చదవడం మాత్రం కొట్ల బోర్డుల వరకే. కథలు ఫోన్లో వింటుంది, అదీ రెండింతల వేగంతో. టైం కలిసొస్తుందట! ఒకసారి కల్యాణి రాగం ఆలాపన అలా పెట్టి వినిపించింది. దోమల మందలా ఉంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. పుస్తకం ఇస్తే మాత్రం పేజీ తిప్పేలోగా నాలుగుసార్లు ఫోన్ చూస్తుంది. తిడదామంటే తని వేళ టీకి పోయిన నా మొహం గుర్తొస్తుంది.

అన్నట్టు అసలు సంగతి. మొన్న మీ అన్నయ్య కొట్టుకొచ్చాడు. మగ్గం గుంట పూడ్చి, గచ్చు చేయించి, ఆ గది అద్దెకిస్తాడట. అచ్చు, నాడెలు, దోనె కర్ర, ఈ మగ్గం సామానంతా ఏం చెయ్యాలో నిన్ను అడగమన్నాడు. కట్టెల కొట్టువాడు కర్రకి రేటు కూడా చెప్పాడట. మా అటక మీద చోటుంది కానీ దోనె కర్ర పొడుగు పడుతుందో లేదో కొలవాలి. నువ్వేమంటావో త్వరగా చెప్పు, వచ్చే నెల నుంచే అద్దెవాళ్ళు దిగుతారు.

నీ
శీను