కింగ్ నవలల్లో ఏది ముందు, ఏది వెనక

బుజ్జమ్మా,

అందరూ బాగుండారనుకుంటా. నాకు పని ఎప్పటిలాగే, చెప్పుకోడానికేం లేదు. ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడతా ఉండాది. నాయన బీపీ మాత్రలు మానకుండా చూడు.

దయ్యాల కథలు రాసే అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ 60కి పైగా నవలలు రాశాడు. వచ్చిన వరసలో చదవబాక. నా లెక్కలో అన్నిటికన్నా పైన 1977 నాటి ‘ది షైనింగ్’. మంచుకి దారులు మూసుకుపోయిన కొండ మీద ఖాళీ హోటలు, కాపలాకి ఒక అమ్మానాన్న, అయిదేళ్ల పిల్లోడు. నన్ను పట్టుకునేది దయ్యాలు కాదు, కింద గదిలో ఉండే పాత బాయిలరు. ప్రెజరు దానంతటదే ఎక్కతా ఉంటాది, రోజూ పోయి దించకపోతే పేలిపోతాది. నాయన తెల్లారుజామున లేచి రొయ్యల గుంటలో ఏరియేటర్లు తిరగతా ఉండాయో లేదో చూసొస్తాడే, అట్టాంటి కాపలా. తాగుడు మానిన ఆ తండ్రి కోపం కూడా ఆ ప్రెజరు ముల్లుతోపాటే ఎక్కతా పోతాది. సినిమా చూశాలే అనబాక. 1980 సినిమాలో బాయిలరుని పక్కన పెట్టేశారు, 217వ గదిని 237 చేశారు. కింగ్‌కే అది నచ్చలేదు.

రెండోది 1983లో వచ్చిన ‘పెట్ సెమటరీ’. లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన ఇల్లు. వెనక అడివిలో పిలకాయలు కుక్కల్నీ పిల్లుల్నీ పూడ్చే చోటు, దాన్ని దాటి పోతే ఇంకో నేల. అక్కడ పూడిస్తే లేచొస్తాది, పోయినప్పటి మాదిరి మాత్రం రాదు. తప్పని తెలిసీ ఆ తండ్రి బిడ్డ మీద ప్రేమతో ముందుకే పోతాడు, భయం అక్కడుండాది. మరీ ఘోరంగా ఉందని కింగే రాసి పక్కన పడేశాడు, పబ్లిషరుకి ఒక పుస్తకం బాకీ ఉండబట్టి బయటికొచ్చింది. అక్క చేతికి మాత్రం ఇయ్యబాక. కానుపయ్యి, బిడ్డ నడిచేదాకా ఆగమను.

మూడోది ‘మిజరీ’. దయ్యమే లేదు. కాళ్లు విరిగిన రచయిత, ఆయన్ని ఇంట్లో బంధించిన నర్సు, ‘ఎన్’ మీట ఊడిన టైపురైటరు. ఆయన టైపు చేసిన పేజీల్లో ఆ అక్షరం చేత్తో నింపి ఉంటాది. పోనుపోను ‘టీ’, ‘ఈ’ కూడా ఊడతాయి, ఆయన స్థితి ఆ అక్షరాల్లోనే తెలస్తాది. నువ్వు దీంతోనే మొదలుపెట్టు. ఎక్కువసేపు ఉండేది ఇద్దరే, ఇంగ్లీషు తడుముకోవాల్సిన పన్లేదు.

తర్వాత ‘సేలమ్స్ లాట్’. ముందంతా ఊరి జనం గురించే, చాలామంది అక్కడే వదిలేస్తారు. పేర్లు కాయితం మీద రాసుకుంటా చదువు, లేకపోతే ఎవరు మాయమయ్యారో పట్టుకోలేవు. ‘ఇట్’లో పిలకాయల స్నేహం చాలా గొప్పగా రాశాడు, చివర్లో వాళ్ల మీద రాసిన ఒక ఘట్టాన్ని నేను క్షమించలేను. అందుకే అయిదోది. ‘టామీనాకర్స్’ అట్టడుగు.

ఒంటరిగా ఉండి రాత్రుళ్లు ఆ దయ్యాల పుస్తకాలేందని అమ్మ దిగులు పడతా ఉండాదంట. నా నిద్రకేం కాలేదని చెప్పు. కింగ్ ముందు కాపురాలూ, అప్పులూ, బిడ్డల జొరాలూ రాస్తాడు, దయ్యం తర్వాతే వస్తాది. ఇల్లు నిండుగా ఉన్నట్టుంటాదమ్మా, అందుకే చదవతా ఉండా.

నెల్లూరు పోయినప్పుడు ‘ది స్టాండ్’ కనపడితే అట్ట చూసి కొను. 1978లో కత్తిరించి వేశారు, 1990లో తీసేసిన భాగాలు కలిపి వేశారు. ‘కంప్లీట్ అండ్ అన్‌కట్’ అని ఉండేది తీసుకో. ‘మిజరీ’కి డబ్బులు పెట్టబాక, నా అలమారలో కింది అరలో ఉండాది.

మీ అన్న