పాత హిందీ సినిమాకు నల్ల పట్టీలు ఉండనివ్వండి

సంపాదకులకు,

పాత హిందీ సినిమాల మీద ఇప్పటి ప్రేక్షకులు చేసే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. బొమ్మ ఇరుకుగా ఉందంటారు, పాటలు కీచుగా ఉన్నాయంటారు, కథ మధ్యలో ఎక్కడో తెగినట్టుందంటారు. వీటిలో చాలా లోపాలు సినిమావి కావు. టీవీ చానళ్లు, ఓటీటీలు చూపించే కాపీలవి. ఆ కాపీని చూసి సినిమా మీద తీర్పు చెప్పడం అన్యాయం.

ముందు ఫ్రేము సంగతి. వెడల్పాటి తెర పద్ధతి అయిన సినిమాస్కోప్ రాకముందు మన సినిమాల ఫ్రేము వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు ఉండేది. ఇప్పటి టీవీలో అది 1.78 రెట్లు. పాత బొమ్మను ఉన్నదున్నట్టు చూపిస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. అవి కనిపిస్తే ప్రేక్షకుడు చానల్ మారుస్తాడని భయపడి, బొమ్మను పెద్దది చేసి పైనా కిందా కోసేస్తారు. అలా పోయేది 23 శాతం, అంటే నాలుగోవంతుకు కాస్త తక్కువ. క్లోజప్‌లో నుదురు పోతుంది, నాట్యంలో పాదాలు పోతాయి. పాదాల పనే ప్రాణమైన కథక్‌ను మోకాళ్ల దాకా చూపించి, ఇదే ఆనాటి గొప్ప నాట్యం అంటే కొత్తతరం ఎలా నమ్ముతుంది?

స్కోప్ సినిమాకు ఇదే కోత పక్కల నుంచి పడుతుంది. ఎత్తుకు 2.35 రెట్లున్న వెడల్పును 1.78కి కోస్తే మళ్లీ 24 శాతం పోతుంది. 1959 నాటి గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ మన దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం. అందులో ‘వక్త్ నే కియా’ పాట ఖాళీ స్టూడియోలో, పైనుంచి దిగే వెలుగుధార చుట్టూ నడుస్తుంది. నాయికా నాయకుల మధ్య ఉన్న ఎడమే ఆ పాటలోని బాధ. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి ఆ ఎడాన్ని కొలిచి పెట్టాడు. పక్కలు కోస్తే మిగిలేది మామూలు విషాదగీతం.

తప్పు టీవీదో కాపీదో తేల్చుకోవడం కష్టం కాదు. ముఖాలు బొద్దుగా, చంద్రుడు కోడిగుడ్డులా కనిపిస్తే మీ సెట్ బొమ్మను సాగదీస్తోందన్నమాట. రిమోట్‌లో పిక్చర్ సైజును 4:3కి గానీ ‘ఒరిజినల్’కి గానీ మారిస్తే సరిపోతుంది. ముఖాలు సరిగానే ఉండి, 1950ల మొదట్లో వచ్చిన సినిమా కూడా తెరంతా నిండిపోతే మాత్రం అది కోసిన కాపీ. దాన్ని ఏ రిమోటూ బాగుచేయలేదు.

ఇక వేగం. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో నడుస్తుంది. మన పాత టీవీ పద్ధతి సెకనుకు 25. ఆ రోజుల్లో టీవీ కోసం చేసిన టేపులను 24కు బదులు 25తో తిప్పేశారు, ఆ టేపుల నుంచి దిగిన కాపీలు ఇంకా తిరుగుతున్నాయి. 4 శాతం వేగం చిన్న సంఖ్యలా అనిపిస్తుంది గానీ, దానితో పాట అర శ్రుతికి కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. లతా, గీతాదత్ గొంతులు పలచబడి వినిపించడానికి ఒక కారణం ఇదే. అదే పాట రికార్డుతో పోల్చి హార్మోనియం మీద శ్రుతి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ‘శుభ్రం’ చేయడం మరో బెడద. గరగర తీసేయాలని ఫిల్టరు గట్టిగా బిగిస్తే దానితోపాటు స, శ ధ్వనుల పదునూ పోతుంది. ఉర్దూ మాటలు నిండిన పాటకు అది చిన్న నష్టం కాదు.

నిడివిని కూడా సరిచూసుకోవచ్చు. ఫిల్మ్ కాలంలో సినిమాకు ముందు వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ మీద పొడవు ఉంటుంది, చాలావాటిలో మీటర్లలో. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 27.4 మీటర్లు నడుస్తుంది. 4,110 మీటర్లంటే 150 నిమిషాలు. కాపీ 144 నిమిషాలు వస్తే కంగారు పడక్కర్లేదు, అది 25 ఫ్రేముల వేగం. 130 వస్తే మాత్రం ఒకటి రెండు పాటలో, హాస్య ఘట్టాలో ఎగిరిపోయాయని అర్థం. సర్టిఫికెట్ తేదీ కూడా చూడాలి. తగ్గించిన రూపానికి తర్వాత తీసుకున్న సర్టిఫికెట్ అయితే ఈ లెక్క పనికిరాదు.

రంగులు అద్దడం గురించి నా అభిప్రాయం కచ్చితమైనది. 1960 నాటి ‘మొఘల్-ఎ-ఆజం’ను 2004లో పూర్తి రంగుల్లో విడుదల చేశారు. దర్శకుడు కె. ఆసిఫ్ మొత్తం రంగుల్లోనే తీయాలనుకున్నాడు కదా అని సమర్థించేవారున్నారు. ఆయన అలా కోరుకున్న మాట నిజమే. కానీ ఛాయాగ్రాహకుడు ఆర్.డి. మాథుర్ వెలుగునీడలు పరిచింది నలుపు తెలుపు కోసం. అసలు సినిమాలో అంతసేపూ నలుపు తెలుపులో సాగిన కథ అద్దాల శీష్‌మహల్లో అడుగుపెట్టగానే రంగుల్లోకి మారితే, అనార్కలి ధిక్కారం కంటికి కొట్టినట్టు కనబడుతుంది. మొదటి నుంచీ రంగులే ఉంటే ఆ దెబ్బ తగలదు. రంగుల ప్రతి వేసుకోండి, అభ్యంతరం లేదు. దాని పక్కనే అసలుదీ దొరకాలి.

ఒక్కోసారి అసలు రూపమే రెండు రకాలుగా ఉంటుంది. ‘షోలే’ ముగింపులో ఠాకూర్ గబ్బర్‌ను చంపే దృశ్యాన్ని 1975లో సెన్సార్ ఒప్పుకోకపోవడంతో పోలీసులు వచ్చి ఆపినట్టు మళ్లీ తీశారు. మొదట తీసిన ముగింపుతో పునరుద్ధరించిన కాపీ 2025లో బయటికి వచ్చింది. కాబట్టి ‘షోలే’ గురించి రాసేవారు ఏ ‘షోలే’ చూశారో చెప్పాలి.

మీ సినిమా పేజీకి నా విన్నపం: పాత హిందీ సినిమా మీద వ్యాసం గానీ రీ-రిలీజ్ సమీక్ష గానీ వేసినప్పుడు, చూసిన కాపీ ఎన్ని నిమిషాలు, ఫ్రేము పూర్తిగా ఉందా కోసి ఉందా, రంగులు తర్వాత అద్దినవా అన్నవి ఒక్క వరుసలో అచ్చువేయండి. చానళ్లు, ఓటీటీలు కూడా సినిమా పేరు పక్కన ఈ మూడూ ఇవ్వాలి.

ఇట్లు,
ఒక హిందీ సినిమా అభిమాని