సంఘ సభ్యులకు మనవి: పరామర్శ గురించి

సంఘ సభ్యులందరికీ వందనములు.

పొలంలో కోసి కట్టిన పన ఒకటి మరచిపోతే దానికోసం తిరిగి వెళ్లకూడదని, అది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి చెందుతుందని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఉంది. మన కోనసీమలోనూ సార్వా కోతల తర్వాత పొలంలో రాలిన పరిగె ఏరుకొనే ఆడవాళ్లు ఉండేవారు; కోత మిషన్లు వచ్చాక పన కట్టేదీ లేదు, మరచిపోయేదీ లేదు. కాబట్టి వారి వంతు మనమే గుర్తుపెట్టుకొని ఇవ్వవలసి ఉంది.

గత ఆదివారం మేము కాలువగట్టు మీద ఒక సోదరి ఇంటికి వెళ్లాము. భర్త పోయి అయిదు నెలలైనా ఆమె ఇప్పటికీ ఇద్దరికి సరిపడా ఎసరు పెడుతున్నారు. మిగిలినది మరునాడు చద్దన్నంగా ఒక్కరే తింటున్నారు. మేము తీసుకెళ్లిన బియ్యం బస్తా వైపు ఆమె చూడనైనా చూడలేదు, "కాసేపు కూర్చోండి" అని మాత్రం అన్నారు. మేమేమో ఫొటో తీసుకొని బయలుదేరే తొందరలో ఉన్నాము. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇకపై ఇచ్చేచోట ఫొటోలు వద్దు. యాకోబు పత్రిక 1:27లో ఉన్న మాట పరామర్శించుట, పంచిపెట్టుట కాదు.

తండ్రిలేని పిల్లల విషయానికి వస్తే, కేంద్ర ప్రభుత్వ పథకమైన మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద అర్హులైన ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు అందుతాయి; గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. తల్లులకు ఈ కాగితాల పని కొత్త గనుక, చదువుకున్న యౌవనస్థులు తోడు వెళ్లవలసిందిగా కోరుతున్నాము.

బుధవారం సాయంత్రం ఆ సోదరి ఇంటికి రాగలవారు మంగళవారం లోపు పేరు తెలియజేయగలరు. వట్టి చేతులతో వచ్చినా పరవాలేదు, ఒక గంట తీరిక చేసుకొని రండి.