డల్లాస్ ప్రయాణంలో వెయ్యి కిలోమీటర్లే తేడా

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం కావాలన్న డిమాండ్ ఏళ్ల తరబడి వింటున్నాం. 2021లో షికాగోకు వారానికొకటి మొదలైంది గానీ ఎక్కువ కాలం నిలవలేదు. వస్తే ఎవరికి చేదు? కానీ ఆ పేరు చెప్పి ప్రయాణాన్ని సులువు చేసే మిగతా పనులన్నీ అటకెక్కించడమే బాగాలేదు.

శంషాబాద్ నుంచి డల్లాస్‌కు అతి దగ్గరి దారి దాదాపు 14,400 కిలోమీటర్లు. మనది 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, వాళ్లది 97 డిగ్రీల పశ్చిమం. భూగోళానికి ఇంచుమించు అటూ ఇటూ ఉన్నాం కాబట్టి ఆ దారి ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. అదే దుబాయ్ మీదుగా వెళితే రెండు విమానాలూ కలిపి సుమారు 15,450. అంటే తేడా వెయ్యి కిలోమీటర్లే, జెట్ విమానానికి గంట పైచిలుకు పని. మరి మా తెనాలి వాళ్లకు ఒకటిన్నర రోజు ఎందుకు పడుతోంది? శంషాబాద్‌కు కారులో ఐదారు గంటలు, మూడు గంటల ముందే రిపోర్టింగ్, ఇమ్మిగ్రేషన్ క్యూ, ఆపైన దుబాయ్‌లో పడిగాపులు. అదనంగా పోయే టైమ్‌లో ఎక్కువ భాగం నేల మీదే పోతోంది.

నేరుగా వెళ్లే విమానమైనా చవగ్గా ఏమీ రాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు పద్దెనిమిది గంటలకు పైగా ఆగకుండా ఎగిరే ఏ350 విమానంలో అసలు మామూలు ఎకానమీ సీట్లే లేవు. పైగా 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలం మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే మన విమానాలే కొన్ని వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది.

ఇక పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల సంగతి. కాళ్లు బాగానే ఉన్నా పిల్లలు వీల్‌చైర్ బుక్ చేస్తున్నారు. నడవలేక కాదు, గేటు మారిందని ఇంగ్లిష్‌లో అనౌన్స్ చేస్తే అర్థంకాక తప్పిపోతారేమోనన్న టెన్షన్. దాంతో నిజంగా నడవలేని వాళ్లు కుర్చీ కోసం గంటల కొద్దీ కాచుకోవాల్సి వస్తోంది. ఆ పెద్దవాళ్లకు కావాల్సింది కుర్చీ కాదు, తెలుగులో దారి చెప్పే మనిషి.

పౌర విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారి చేతిలోనే ఉంది. గన్నవరం నుంచి గల్ఫ్‌కు, అక్కడి అమెరికా విమానాలకు అందే వేళల్లో రోజూ సర్వీసు వేయించాలి. విదేశీ సంస్థలకు దేశాల మధ్య ఉన్న విమాన సీట్ల ఒప్పందాలు అడ్డమైతే మన సంస్థలతోనే నడిపించవచ్చు. టికెట్ మాత్రం ఒకటే ఉండాలి, గన్నవరంలో ఇచ్చిన పెట్టె డల్లాస్‌లోనే చేతికి రావాలి. తెలుగువాళ్లు ఎక్కువగా మారే విమానాశ్రయాల్లో తెలుగు తెలిసిన సిబ్బందిని పెట్టమని విమాన సంస్థలను అడగడానికి కొత్త రన్‌వేలు, కొత్త విమానాలు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి