ఉత్తరం కిటికీ

చిరంజీవి రవికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోను చేయలేదని రాస్తున్నాననుకోకు, పదిహేడు రోజులేగా అయింది. ఫ్రాన్సులో మీ మార్సే ఊరి గాలి గురించి చదివాను, అందుకని.

చలికాలంలోనూ వసంతంలోనూ ఉత్తర వాయవ్యాల నుంచి వీచే ఆ చలిగాలిని మిస్త్రాల్ అంటారట కదా. ఆల్ప్స్‌కూ మాసిఫ్ సెంట్రల్ కొండలకూ మధ్య రోన్ లోయలో ఇరుక్కుని, ఉరవడి పెరిగి, ఒక్కోసారి గంటకు 100 కిలోమీటర్లు దాటి సముద్రం మీద పడుతుందట. మన ‘మాస్టారు’కు ఏ లాటిన్ మాట మూలమో ఆ గాలి పేరుకూ అదే మూలం. ఇది మీ అమ్మకు చెప్పడం నా పొరపాటు. మూడు రోజులో, ఆరో, తొమ్మిదో వీస్తుందని అక్కడివాళ్లు అంటారనగానే, “మొదలుపెడితే ఆగదన్నమాట, మాస్టారే” అంది.

అక్కడి పాత పల్లె ఇళ్లకు ఉత్తరం గోడన కిటికీలు పెట్టేవారు కాదట. ఇంతకీ నీ కొత్త గదికి కిటికీ ఏ వైపు? హాస్టల్ ఖాళీ చేశావని సుబ్బారావు బాబాయి చెబితే తెలిసింది. నువ్వు చెప్పలేదని కాదు, గాలి సంగతి కదా అని అడిగాను.

నీ ఏడో ఏట ధనుర్మాసం గుర్తుందా? వసారాకు తాతయ్య కట్టించిన తడిక తోసుకుని, హరిదాసు చిడతలు వినబడగానే దోసిట్లో బియ్యంతో, చొక్కా అయినా లేకుండా పరుగెత్తావు. ఆయన అప్పటికే వీధి మలుపు తిరిగాడు. మంచులో రామాలయం దాకా వెంటపడ్డావు. సగం బియ్యం దారిలోనే పోయింది. ఆయన వంగితే మిగిలింది పాత్రలో పోసి, గెలిచినవాడిలా తిరిగొచ్చావు. మర్నాడు ఒళ్లు కాలిపోతున్నా దుప్పటి ముసుగులోంచి “ఏమీ లేదు నాన్నా, బాగానే ఉన్నాను” అన్నావు. మూడో రోజు బడిలో కళ్లు తిరిగి పడితేగాని మాకు తెలియలేదు. మొన్నటి నీ మెసేజీలోనూ అవే మాటలు.

ఉపన్యాసం వద్దనుకున్నాను. ఒక్క మాట మాత్రం. అద్దె కాగితం చదివాకే సంతకం పెట్టు. అప్పు అవసరమైతే ముందు నాకు చెప్పు. రాత్రి భోజనం మానకు. ఒకటన్నాను, మూడయ్యాయి.

ఆ గాలి వీచేటప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంటుందట. ఎండ చూసి మోసపోయి స్వెట్టరు లేకుండా బయటికి వెళ్లకు. మంకీ క్యాపు, అల్లం మురబ్బా పార్సిలు చేశాను. పాత చిరునామాకే పంపాను, నా దగ్గర ఉన్నది అదే.

నాన్న

తా.క. మురబ్బా డబ్బా మూత బిగిసిపోతే కాసేపు వేడినీళ్లలో పెట్టు. పళ్లతో లాగకు.