కాలేజీ ఫుట్‌బాల్ రిజిస్టర్లు తుక్కు కాదు: క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి నమస్కారములు.

విషయం: హైదరాబాద్ కళాశాలల ఫుట్‌బాల్ జట్ల పాత రిజిస్టర్లు, ఫోటోలు, ట్రోఫీల సంరక్షణ గురించి.

మంత్రి గారూ,

నలభై ఏళ్ల కిందట నేను నగరంలోని ఒక కళాశాల జట్టుకు గోల్‌కీపర్‌ని. మేము ఆడిన అంతర కళాశాలల పోటీల స్కోర్లు రాసి పెట్టుకుందామని మొన్న వేసవిలో ఆ కళాశాలకు వెళ్లాను. అటెండర్ ఎంతో మర్యాదగా స్టోర్ రూమ్ తెరిచి చూపించాడు. గాలి పోయిన బంతులు, విరిగిన హర్డిళ్లు, వాటి వెనక గోడకు ఆనించిన మా జట్టు ఫోటో ఉన్నాయి. అద్దం కింద ‘నిలుచున్నవారు ఎడమ నుంచి కుడికి’ అన్న మాటల వరకు అట్ట మిగిలింది, ఆ తర్వాత ఉండవలసిన పేర్లన్నీ చెదలు తినేశాయి. ముఖాలు మాత్రం చెక్కుచెదరలేదు. మిగతా వాళ్ల చొక్కాలకూ నా చొక్కాకూ రంగు తేడా ఉంది కాబట్టి కొత్తవాళ్లెవరైనా చూసినా గోల్‌కీపర్ ఎవరో చెప్పగలరు గాని, అతని పేరేమిటో చెప్పలేరు. మ్యాచ్ రిజిస్టర్లు ఏవని అడిగితే, పాత బల్లలతో పాటు పనికిరానివని కండెమ్ చేసి వేలం వేశారని చెప్పాడు. ఇందులో ఆ ఉద్యోగుల తప్పు పెద్దగా లేదు, ఎందుకంటే అవి దాచవలసిన కాగితాలని వారికి ఎవరూ ఏనాడూ చెప్పలేదు.

ఇది ఒక్క కళాశాల గోడుగా మీరు భావించకూడదనే ఈ లేఖ రాస్తున్నాను. భారత ఫుట్‌బాల్‌కు 1951లో న్యూఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సంపాదించి పెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మన ఊరివాడు, ఉస్మానియా పట్టభద్రుడు, ఆ విశ్వవిద్యాలయ జట్టు ఆటగాడు, వృత్తి చేత బడిపంతులు. ఆయన చేతిలో పెరిగిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీని వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఇవన్నీ పుస్తకాలకెక్కాయి, ఆయన మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. కాని ఆ రహీం విద్యార్థిగా ఉస్మానియా తరఫున ఏ ఏడాది, ఏ స్థానంలో, ఎవరి పక్కన ఆడాడని రేపు ఒక విద్యార్థి అడిగితే, ఇదిగో అని తీసి చూపడానికి విశ్వవిద్యాలయంలో ఒక పట్టిక ఉండాలి కదా! జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన సంగతి అందరికీ తెలుసు. ఆ గెలుపు వెనక ఉన్న మనిషి ఆట నేర్చిన మైదానాల లెక్క మాత్రం మనమే చూసుకోవాలి, ఢిల్లీ వాళ్లు వచ్చి చూడరు.

ఈ రికార్డుల వెతుకులాటలో రెండు చిక్కులున్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైంది. కాబట్టి మొదటి ముప్పై ఏళ్ల కాగితాలను పరిశీలించే బృందంలో చేతిరాత ఉర్దూ చదవగలిగిన వారు తప్పనిసరిగా ఉండాలి, లేకుంటే చదవడం రాక పక్కన పడేసే ప్రమాదం ఉంది. ఇక 1887లో ఏర్పడిన నిజాం కళాశాల 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఫతే మైదాన్ పక్కన ఆడుకున్న ఆ పిల్లల పేర్లు అరవై ఏళ్ల పాటు చెన్నపట్నం దస్తరాల్లోకి చేరి ఉండడానికి ఆస్కారం ఉన్నది కనుక, ప్రభుత్వం తరఫున అక్కడికి ఒక ఉత్తరం వెళ్లడం అవసరం. నాలాంటి వాడు రాస్తే జవాబు రాదు, మీ శాఖ రాస్తే వస్తుంది.

అమెరికాలో చదువుకుంటున్న మా అన్నయ్య మనవడు తన విశ్వవిద్యాలయ జట్టు బొమ్మ ఉన్న స్వెట్టర్ వేసుకుని, ఆ జట్టు ఏ ఏడాది ఎన్ని గెలిచిందో అప్పజెబుతాడు. వాళ్లు ఆడే ఫుట్‌బాల్ వేరు, మనది వేరు. అయినా 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్‌స్టన్ కళాశాలల మధ్య జరిగిన మొదటి ఆటలో రట్గర్స్ 6-4తో గెలిచిందన్న లెక్క నేటికీ వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. మన దగ్గర 1980లలో జరిగిన ఆట స్కోరు కావాలంటే నలుగురు ముసలివాళ్లకు ఫోన్లు చేసి, నలుగురూ నాలుగు రకాలుగా చెబితే అందులో సగటు తీయవలసి వస్తున్నది. మా ఎడమ వింగర్‌ని అడిగితే ప్రతి గోలూ తానే కొట్టానంటాడు.

వృత్తి క్లబ్బు ఒకటి ఊళ్లో ఉంటే చరిత్ర దానంతట అదే నిలుస్తుందని కొందరంటారు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కళాశాల జట్టు అలా మూట కట్టుకుని వేరే ఊరు పోలేదు. దాని మైదానం, భవనం, పాత విద్యార్థులు ఇక్కడే ఉంటారు. అందుకే ఊరి ఆట జ్ఞాపకానికి అదే సరైన చోటని నా అభిప్రాయం.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ముందుగా, ప్రభుత్వ కళాశాలల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ క్రీడా విభాగాల పాత రిజిస్టర్లను, ఫోటోలను, కప్పులను జాబితా రాయకుండా కండెమ్ చేయరాదని ఉన్నత విద్యా శాఖతో కలిసి ఒక సర్క్యులర్ ఇప్పించండి. రికార్డులను పట్టికలతో, సూచికలతో సక్రమంగా నిర్వహించాలని సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4 ఇప్పటికే చెబుతున్నది కాబట్టి ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. దొరికిన వాటిని స్కాన్ చేసే పని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగిస్తే, ఉస్మానియాకు అది కూతవేటు దూరమే. విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకు పంపేటప్పుడు ప్రతి ఆటగాడి పేరు, పుట్టిన తేదీ, కోర్సు, ఫోటోతో అర్హత పత్రం నింపుతారు. జట్టు ఎంపిక కాగానే ఆ పత్రాల నకళ్లు ఒక ఫైలులో పెడితే రేపటి చరిత్ర సగం సిద్ధమైనట్లే. దానికి తోడు మ్యాచ్‌కు ఒక పేజీ చొప్పున తేదీ, మైదానం, పదకొండు మంది పేర్లు, గోల్ చేసినవారు, నిమిషం రాస్తే చాలు. మన పాత రిజిస్టర్లలో గెలిచామో ఓడామో, స్కోరు ఎంతో మాత్రమే ఉండేది, గోల్ ఎవరు చేశారో రాసే అలవాటే లేదు.

అన్నిటికన్నా తొందరగా జరగవలసింది మాత్రం మనుషుల మాట రికార్డు చేయడం. భారత జట్టుకు ఆడిన మన ఊరి ఆటగాళ్లు తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరిలో, మహమ్మద్ హబీబ్ అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. వారి పేర్లు పత్రికల్లో వచ్చాయి కాబట్టి మిగిలాయి. వారి ఈడు వారై, కళాశాల దాటి పేరు రానివారు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. చాలామంది ఇంటి గుమ్మం దాటలేరు కనుక, మీ శాఖ జిల్లా క్రీడాధికారులు ఒక ఫోన్ పట్టుకుని వాళ్ల ఇళ్లకే వెళ్లవలసి ఉంటుంది.

ఆ స్టోర్ రూమ్‌లోని ఫోటోకు నేను నకలు తీయించుకున్నాను. వింగర్ సాయంతో, ఫోన్ల మీద ఫోన్లు చేసి, పదహారు మందిలో పదమూడు పేర్లు పెన్సిల్‌తో కింద రాశాను. కూర్చున్న వరుసలో చివరి ఇద్దరూ, నిలుచున్న వరుసలో నా పక్కనున్న స్టాపర్ బ్యాక్‌ పేరూ ఇంకా తెలియలేదు. మీ కార్యాలయం ఏ రోజు రమ్మంటే ఆ రోజు ఆ నకలు పట్టుకుని వస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక కళాశాల జట్టు మాజీ గోల్‌కీపర్,
సికింద్రాబాద్.