కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: కౌన్సిల్‌తో మన వ్యవహారాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘానికి వచ్చిన ఫిర్యాదులన్నీ తిప్పి తిప్పి చూస్తే తేలేవి మూడు: కుక్కలు, చెత్త, తోపుడు బండ్లు. మున్సిపల్ కార్యాలయంలో ఈ మూడూ మూడు విభాగాలు. ఏ అర్జీ పెట్టినా "అది మా సెక్షన్ కాదండీ" అన్న జవాబే వచ్చేది. కార్యవర్గ సభ్యులు మార్కెట్ వెనక సందులో రాత్రిపూట నిలబడి చూశారు. చెత్త బండి వచ్చేది పొద్దున, టిఫిన్ బండ్లు కట్టేసేది రాత్రి పది దాటాక. మిగిలిన అన్నం, ఎముకలు ఆ మూలనే పడుతున్నాయి. తెల్లారేదాకా ఆ మూల కుక్కల రాజ్యం.

అందుకని మూడింటినీ కలిపి ఒకే వినతిపత్రం రాసి, వార్డు కౌన్సిలర్ గారి ద్వారా కౌన్సిల్ సమావేశం అజెండాలో పెట్టించాం. ఈ ఏడాది చేసిన పనుల్లో నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాలను 12వ షెడ్యూల్‌లో పెట్టింది. పారిశుద్ధ్యం, పర్యావరణ పరిరక్షణ, బందెలదొడ్లు, జంతుహింస నివారణ అన్నీ అందులోనే ఉన్నాయి. వినతిపత్రంలో మొదటి పేరా ఇదే. ఆ తర్వాత సెక్షన్ల మాట తగ్గింది.

కుక్కల విషయంలో మనలోనే రెండు పక్షాలున్నాయి కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. "పట్టుకెళ్లి ఊరవతల వదిలేయమనండి" అని చాలామంది అన్నారు. అది చట్టప్రకారం కుదరదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే పద్ధతిని నిలబెట్టింది. రేబిస్ సోకినవాటిని, సోకిందన్న అనుమానం ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం తిరిగి వదలకూడదంది. అదే ఏడాది నవంబర్ 7 నాటి ఆదేశం మాత్రం వేరు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలకూడదు. మన వీధి చివరి బడి సంగతి విడి అర్జీగా పెట్టింది ఇందుకే.

చట్టం సరే, ఊరవతల వదిలేస్తే ఫలితం ఉంటుందా అంటే, తిండి దొరికే మూల అలాగే ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి పక్క వీధి కుక్కలొస్తాయి. అవి టీకా పడనివి కావచ్చు. కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందితే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాలుగు కుక్కలను పట్టి ఫొటో దిగి వెళ్లిపోతే ఒరిగేదేమీ లేదు. అందుకే వార్డు మొత్తం ఒకే విడతలో పూర్తిచేయమని అడిగాం. సందుల వారీగా పని మొదలైంది, ఇంకా సగంలోనే ఉంది. చెవి అంచున చిన్న కత్తిరింపు కనిపిస్తే దానికి ఆపరేషన్ అయినట్టు గుర్తు. ఎవరినైనా కరిస్తే పసుపూ కారమూ పెట్టకండి. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లండి.

బండ్లవాళ్లను ఖాళీ చేయించమన్న ప్రతిపాదనను కార్యవర్గం ఒప్పుకోలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకు వాళ్లను కదిలించకూడదు. ఆ సర్వే చేసే పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. మనం చట్టం సంగతి పక్కనపెట్టి మాట్లాడుకున్నా, పొద్దున్నే ఆ బండ్ల దగ్గర తినేదీ మనమేగా! వాళ్లతో కూర్చుని మాట్లాడితే దారి దొరికింది. ప్రతి బండికీ తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి డబ్బాలు వాళ్లే పెట్టుకున్నారు. రాత్రి కట్టేసే వేళకు చెత్త ఆటో ఒక రౌండు వచ్చేలా శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు ఒప్పుకున్నారు. ఆదివారాలు మాత్రం ఆ ఆటో రావడం లేదు. ఎందుకో తెలుసుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు వేశాం. 30 రోజుల గడువు నడుస్తోంది. మన ఇళ్లలోనూ చెత్త వేరుచేయడం అంతంతమాత్రమే. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల నుంచే అది ఇంటివాళ్ల బాధ్యత.

తీగలకు అడ్డొస్తున్నాయని పార్కు పక్క వేప చెట్లను మొదలంటా కొట్టబోతే ఆపించాం. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. కొమ్మల వరకే కత్తిరించారు. ఫంక్షన్ హాలు మైకుల మీద ఫిర్యాదు పెండింగ్‌లో ఉంది. రాత్రి 10 దాటాక మోగితే అప్పటికప్పుడు పోలీసులకు ఫోన్ చేయండి, మర్నాడు సంఘానికి చెబితే లాభం లేదు. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు.

సభ్యులు ఈ సమావేశంలోనే తేల్చాల్సింది ఒకటుంది. కుక్కలకు తిండి పెట్టే చోటు నిర్ణయించి రాసివ్వమని మున్సిపాలిటీ అడిగింది. పిల్లలు ఆడుకునే చోటికి, రాకపోకల గేట్లకు, మెట్లకు దూరంగా ఉండాలి. కార్యవర్గం రెండు చోట్లు చూసింది: నీళ్ల ట్యాంకు వెనక ఖాళీ, పార్కు ప్రహరీ బయటి మూల. నా ఓటు ట్యాంకు వెనకకే, అక్కడ కడగడానికి కుళాయి ఉంది. చేతులెత్తి చెప్పండి, తీర్మానం రాసి రేపే ఇచ్చేస్తాం.

కార్యదర్శి